వీధిలో ఆగిన కారు, ఎత్తే అధికారం ఎవరిది?

(గుంటూరు బ్రాడీపేటలో ఒక ఆదివారం సాయంత్రం వీధి సంఘం సమావేశంలో, విశ్రాంత న్యాయవాది ఒకరు చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

నమస్కారమండి. వెనకాల నిలబడ్డవాళ్ళు ముందుకి రండి, ఇటు కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. అమ్మా, మీరు ఈ ఫ్యాను కిందకి వచ్చి కూర్చోండి.

సంఘంవాళ్ళు నన్ను ఎందుకు మాట్లాడమన్నారో మీకు తెలుసు. పోయిన నెల మన లైనులో రెండిళ్ళ మధ్య తగువు స్టేషను దాకా వెళ్ళింది. ఒకరి గేటు ముందు ఇంకొకరు కారు పెట్టారు. గేటువాళ్ళు రాత్రికి రాత్రి నాలుగు టైర్లకీ గాలి తీసేశారు. పొద్దున్నే అది చూసి కారువాళ్ళు గేటు మీద రాయి వేశారు. సంక్రాంతికి అరిసెలు ఇచ్చిపుచ్చుకునే ఇళ్ళండీ అవి. ఇవాళ ఎదురుపడితే తల తిప్పుకుంటున్నారు. నేను ముప్పై ఎనిమిదేళ్ళు ఈ ఊరి కోర్టుల్లో పనిచేశాను. పొలం గట్టు జరిపారని, సరిహద్దు రాయి పీకారని అన్నదమ్ములు కొట్టుకోవటం చూశాను. ఆ గట్టు తగాదా ఇప్పుడు మన గేట్ల ముందుకి వచ్చింది. ఆ రెండిళ్ళవాళ్ళూ విడివిడిగా నా దగ్గరికి వచ్చి అడిగింది ఒకే మాట: "మాస్టారూ, గేటు ముందు ఆగిన కారుని క్రేను పిలిపించి ఎత్తించెయ్యొచ్చా?"

ఎత్తించవచ్చు. కాకపోతే ఎత్తమని చెప్పే అధికారం మీకు లేదు, నాకు లేదు, క్రేను డ్రైవరుకీ లేదు. ఎవరికి ఉందో, ఎప్పుడు ఉందో, ఆ పని ఎలా జరగాలో చెప్పటానికే వచ్చాను.

ముందు ఆ రోడ్డు ఎవరిదో తేల్చుకుందాం. మన ఇంటి ముందు మనం కళ్ళాపి చల్లుతాం, ముగ్గు వేస్తాం, దసరాకి అక్కడే బండికి గుమ్మడికాయ కొడతాం. అందుకని ఆ జానెడు నేలా మనదే అనిపిస్తుంది. కాదండి. దస్తావేజు ప్రహరీ గోడ దగ్గర ఆగిపోతుంది. ఆ తర్వాత ఉన్నది కార్పొరేషను వీధి. మోటారు వాహనాల చట్టం, 1988లో రెండో సెక్షను 34వ క్లాజులో బహిరంగ స్థలం అంటే ఏమిటో చెప్పారు: ప్రజలకి వెళ్ళే హక్కున్న రోడ్డు, వీధి, దారి ఏదైనా సరే, అది అటునించి ఇటు రాకపోకలు సాగే దారి అయినా కాకపోయినా సరే. అంటే చివర గోడ వచ్చి ఆగిపోయే మన సందులు కూడా బహిరంగ స్థలాలే. "మాది డెడ్ ఎండు, ఇక్కడికి రూల్సు రావు" అనే మాట చట్టం ముందు చెల్లదు.

అందువల్ల రెండు సంగతులు ఒప్పుకోవాలి. మీ గోడ పక్కన ఎవరో ఒకరు, ఎవరికీ అడ్డం లేకుండా, నిషేధం లేని చోట గంటసేపు కారు పెట్టుకుంటే మీరు కాదనలేరు. అలాగే, రోడ్డు అందరిదీ కదా అని ఇంకొకరి గేటుకి అడ్డంగా పెట్టే హక్కు ఎవరికీ లేదు. చాలా గొడవలు ఈ రెంటిలో ఒకటే గుర్తుపెట్టుకోవటం వల్ల వస్తున్నాయి.

గేట్లకి వేలాడే బోర్డుల గురించి కూడా చెప్పాలి. "ఇచ్చట వాహనములు నిలుపరాదు. నిలిపినచో గాలి తీయబడును." మన లైనులో అలాంటివి పదకొండు లెక్కపెట్టాను. పార్కింగు నిషేధం పెట్టాలంటే సెక్షను 115, 116, 117 కింద ప్రభుత్వమో, ప్రభుత్వం అధికారం ఇచ్చినవాళ్ళో పెట్టాలి. పార్కింగు స్థలాలు నిర్ణయించేటప్పుడు స్థానిక సంస్థని సంప్రదించాలి. పెయింటరు దగ్గర రాయించుకున్న బోర్డుకి ఆ బలం రాదు. అందులో మొదటి వాక్యం విన్నపం అనుకుందాం, తప్పు లేదు. రెండో వాక్యం మాత్రం నేరం చేస్తానని గోడ మీద రాసుకోవటం. టైరుకి గాలి తీయటం, సీటు కొయ్యటం, మేకుతో గీత గీయటం, ఇవన్నీ భారతీయ న్యాయ సంహిత 324వ సెక్షనులోకి వస్తాయి. ఇదివరకు శిక్షాస్మృతిలో 425 నుంచి ఉండేవి. 2024 జులై 1 నుంచి నంబరు మారింది, నేరం మారలేదు. మీ గేటుకి అడ్డం పెట్టినవాడి తప్పుకి చలానా పడుతుంది, మీరు గాలి తీస్తే మీ మీద క్రిమినలు కేసు పడుతుంది. న్యాయం మీ వైపున ఉన్నప్పుడు ఎందుకండీ దాన్ని మీ చేతులారా వదులుకోవటం?

ఇళ్ళ ముందు రాళ్ళు, సిమెంటు పోసిన పాత టైర్లు, పూలకుండీలు, ఇనప గొలుసులు పెట్టి చోటు అట్టిపెట్టుకుంటున్నాం. ర్యాంపులు కాల్వ దాటి రోడ్డు మీదకి నాలుగేసి అడుగులు వచ్చేశాయి. మా ఇంటి ర్యాంపు కూడా అడుగున్నర బయటికి ఉండేది. ఇక్కడికి వచ్చి మీతో మాట్లాడే ముందు దాన్ని కొట్టించేశాను. వీధిని ఆక్రమించుకున్న చేత్తో కారు ఎత్తమని అర్జీ రాయలేను కదా.

ఇక చట్టంలోకి వద్దాం. దీంట్లో మీకు కావలసినవి నాలుగే సెక్షన్లు.

122వ సెక్షను: ఇతరులకి ప్రమాదం, అడ్డంకి, అనవసరమైన ఇబ్బంది కలిగించేట్టుగా బహిరంగ స్థలంలో బండి వదిలిపెట్టకూడదు. దీన్ని మీరితే 177 కింద జరిమానా, మొదటిసారి 500 దాకా, మళ్ళీ చేస్తే 1,500 దాకా. 201: రాకపోకలకి అడ్డంగా బండి ఉంచితే 500 దాకా. ఇవి 2019 సవరణ తర్వాతి అంకెలు, ఆ ఏడు సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చాయి. ఈ మూడూ డబ్బుకి సంబంధించినవి. బండిని కదిలించే సెక్షను 127.

127 ఏమంటుందో నెమ్మదిగా చెబుతాను. బహిరంగ స్థలంలో ఒక బండి పది గంటలు, ఆపైన, ఎవరూ లేకుండా వదిలేసి ఉంటే, లేదా చట్టప్రకారం పార్కింగు నిషేధించిన చోట పెట్టి ఉంటే, ఆ ప్రాంతం మీద అధికారం ఉన్న, యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి దాన్ని టోయింగు, అంటే వేరే బండితో ఎత్తి లాక్కెళ్ళటం, చేయించవచ్చు, లేదా కదలకుండా చక్రానికి క్లాంపు వేయించవచ్చు. ఇది మొదటి ఉపసెక్షను. రెండోది, వదిలేసిన బండో, కాలిపోయినదో, సగం విప్పేసినదో ట్రాఫిక్కుకి ప్రమాదంగా ఉంటే వెంటనే తీయించవచ్చు, పది గంటలు ఆగక్కర్లేదు. మూడోది, లాక్కెళ్ళిన ఖర్చంతా యజమానిదే, జరిమానా కాకుండా.

ఇందులో మాట మాటకీ విలువ ఉంది. "యూనిఫాంలో" అన్నారు. "ఆ ప్రాంతం మీద అధికారం ఉన్న" అన్నారు. అధికారి నిర్ణయిస్తాడు, క్రేను ఆ నిర్ణయం అమలు చేస్తుంది. క్రేను మీద నలుగురు కుర్రాళ్ళు వచ్చి, పోలీసు లేకుండా, తమకు తోచిన బండి ఎత్తుకుపోతే అది టోయింగు కాదు. రాజ్యాంగం 300ఎ అధికరణం చట్టం ఇచ్చిన అధికారం లేకుండా ఎవరి ఆస్తినీ తీసుకోకూడదని చెబుతుంది. మీ కారు మీ ఆస్తి, ఎంత తప్పు చోట పెట్టినా.

"చట్టప్రకారం నిషేధించిన చోటు" అంటే బోర్డు ఉన్న చోటే అనుకోకండి. 2017లో కేంద్రం మోటారు వాహనాల డ్రైవింగ్ నిబంధనలు తెచ్చింది. అంతకుముందు 1989 నాటివి ఉండేవి. వాటి ప్రకారం కాలిబాట మీద, జీబ్రా గీతల మీద, కూడలి దగ్గర, మలుపులో, వంతెన మీద, బస్టాపు దగ్గర, ఒకరి ఆవరణలోకి వెళ్ళే దారికి అడ్డంగా, అప్పటికే ఆగి ఉన్న బండికి పక్కన రెండో వరసగా పార్కింగు చెయ్యకూడదు. ఇక్కడ ఏ బోర్డూ అక్కర్లేదు. గేటుకి అడ్డం పెట్టిన కారుకి ఆ పెయింటు బోర్డు లేకపోయినా చట్టం ఉంది, అందుకే ఆ బోర్డు అనవసరం అంటున్నాను.

వీటిలో నేను మిమ్మల్ని చేతులు జోడించి అడిగేది ఒక్క కూడలి గురించి. మన బ్రాడీపేట సంగతి తెలుసు కదా. లైన్లూ అడ్డరోడ్లూ గడులు గీసినట్టు ఉంటాయి. చిరునామా అడిగితే నాలుగు బై పద్నాలుగు అంటాం. వందేసి గజాలకి ఒక మూల వస్తుంది. ఆ మూల మీద ఒక్క కారు పెడితే చాలు, పొడుగు బండి ఏదీ తిరగదు.

పదమూడేళ్ళ కిందట మా నాన్నగారికి రాత్రి రెండింటికి పక్షవాతం వచ్చింది. మాట పడిపోయింది, కుడిచెయ్యి వేలాడిపోయింది. 108కి ఫోను చేశాం. పాపం వాళ్ళు తొందరగానే వచ్చారు. మా అడ్డరోడ్డు మూల దాకా వచ్చి బండి ఆగిపోయింది. మూల మీద సరిగ్గా మలుపులో ఒక పెద్ద కారు ఉంది, ఎదురుగా కరెంటు స్తంభం. డ్రైవరు మూడుసార్లు ముందుకీ వెనక్కీ తీశాడు. తిరగలేదు. చివరికి స్ట్రెచరు దించి, మా తమ్ముడూ నేనూ ఆ డ్రైవరు కుర్రాడూ నాన్నని వీధిలో మోసుకుంటూ వెళ్ళాం. గతుకు వచ్చిన ప్రతిసారీ ఆయన మూలిగేవారు. ఆ మూలుగు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

(కొద్దిసేపు మౌనం)

ఆయన తర్వాత నాలుగేళ్ళు బతికారు, చెయ్యి మాత్రం రాలేదు. ఆ ఆలస్యం వల్లే అని డాక్టరు అనలేదు, నేనూ అనను. ఆ కారు ఎవరిదో కూడా నాకు తెలుసు. మంచి మనిషే. ఆ రాత్రి పెళ్ళి నించి వచ్చి, చోటు దొరక్క అక్కడ పెట్టి పడుకున్నాడు. మర్నాడు తెలిసి మా ఇంటికి వచ్చి ఏడ్చాడు. అందుకే చెడ్డవాళ్ళు చేసే పనిగా నేను దీన్ని చూడలేను. మనలో ఎవరమైనా చేస్తాం. మూల మీద పసుపు గీత ఉండి, అక్కడ పెడితే తెల్లారేసరికి కారు ఉండదని అందరికీ తెలిసి ఉంటే, ఆయన ఆ రాత్రి ఇంకో వంద గజాలు వెనక్కి వెళ్ళి పెట్టుకునేవాడు.

ఇప్పుడు రెండో రకం బళ్ళు. పది గంటల సంగతి. మన చుట్టూ చూడండి, కవరు కప్పిన కార్లు. పిల్లలు అమెరికాలో ఉంటారు, సంక్రాంతికో పెళ్ళికో వచ్చినప్పుడు తిరగటానికని ఒక కారు కొని ఇక్కడ ఉంచుతారు. లోపల చోటు లేదు కనక రోడ్డు మీద. ఏడాదిలో పదిహేను రోజులు తిరుగుతుంది, మిగతా మూడొందల యాభై రోజులు మన వీధిలో నిద్రపోతుంది. ఎండకీ వానకీ కవరు చిరిగి పేలికలవుతుంది. కింద కుక్కలు ఈనతాయి. పొద్దున్నే ఊడ్చే పారిశుద్ధ్య కార్మికురాలి చీపురు దాని కిందకి వెళ్ళదు. అన్నిటికన్నా ముఖ్యం, కాల్వ పలకల మీద ఆ కారు ఉంటే పూడిక తీయటానికి పలక లేపటం కుదరదు. పోయిన వానాకాలం మన లైనులో మోకాలి లోతు నీళ్ళు నిలబడింది ఎక్కడో గుర్తు తెచ్చుకోండి. సరిగ్గా అలాంటి రెండు కార్లు వరసగా ఉన్న చోట.

అమ్మా, ఆ పిల్లలు మన పిల్లలే. మా అబ్బాయిదీ ఒకటి ఉండేది, అమ్మించేశాను. పది గంటలు దాటిన బండిని తీయించవచ్చని చట్టంలో ఉంది గదా అని, పక్కింటాయన రాత్రి పెట్టి పొద్దున తీసే కారు మీద గడియారం పట్టుకుని కూర్చోమని నేను చెప్పటం లేదు. రాత్రి తొమ్మిది నించి పొద్దున ఏడు అంటే అదీ పది గంటలే. చట్టం అధికారికి "చేయించవచ్చు" అంది, "చేయించాలి" అనలేదు. అధికారి విచక్షణ అక్కడ ఉంది, మన విచక్షణ కూడా ఉండాలి. నేను అడిగేది నెలల తరబడి కదలని బళ్ళ గురించి.

వాటి మీద ఫిర్యాదు ఎలా చెయ్యాలి? ఫోటోలు తీయండి. నంబరు ప్లేటు, పక్కన గుర్తుపట్టే ఇల్లో స్తంభమో కనిపించాలి. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, తేదీ టైము పడేట్టుగా, నాలుగైదు రోజులు. కేంద్ర రవాణా శాఖవాళ్ళ ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొడితే రిజిస్ట్రేషను ఎప్పటిదో, ఇన్సూరెన్సు ఉందో లేదో తెలుస్తుంది. సొంత కారు రిజిస్ట్రేషను పదిహేనేళ్ళకే చెల్లుతుంది, ఆ తర్వాత పునరుద్ధరించుకోవాలి. మన లైనులో ఆ గడువు దాటి తుప్పుపట్టిన అంబాసిడరు ఒకటి ఉంది, దాని మీద తీగ పాకి కాకరకాయలు కూడా కాస్తోంది. ముందు ఆ ఇంటికి వెళ్ళి మర్యాదగా చెప్పండి. ఒక వారం ఇవ్వండి. అప్పటికీ కదలకపోతే ఆ ఫోటోలతో స్టేషనులో రాతమూలకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. వార్డు సచివాలయంలో ఒక కాపీ ఇవ్వండి. గేటుకి అడ్డం, అంబులెన్సుకి అడ్డం లాంటి అర్జెంటు వాటికి 112.

కవరు కప్పిన కార్ల యజమానులకి ఒక హెచ్చరిక. కారు కదలటం లేదు కదా అని ఇన్సూరెన్సు మానేస్తున్నారు. 1991లో సుప్రీంకోర్టు తీర్పు ఒకటి ఉంది. మహారాష్ట్రలో హైవే పక్కన బోల్తాపడ్డ పెట్రోలు ట్యాంకరు కొన్ని గంటల తర్వాత పేలి మనుషులు పోయారు. బండి కదలకుండా పడి ఉంది కదా, వాడకంలో లేదు కదా అని వాదించారు. ఆగి ఉన్నా అది బండిని వాడటం కిందికే వస్తుందని కోర్టు చెప్పింది. చీకట్లో మీ ఆగిన కారుకి ఒక కుర్రాడు బైకుతో గుద్దుకుంటే, ఇన్సూరెన్సు లేకపోతే, ఆ భారం మీ మీద పడే ప్రమాదం ఉంది. ఆలోచించుకోండి.

(సభలో ఒకరు: "మాస్టారూ, మొన్న మా బావగారి కారు ఎత్తుకెళ్ళారు. గేరుబాక్సు పోయింది. ఎవరిని అడగాలి?")

మంచి ప్రశ్న, దీని మీద కాస్త నిలబడదాం. ఎత్తటం కూడా ఒక పని, దానికి ఒక తీరు ఉంది. మన చిన్న కార్లలో చాలావాటికి ఇంజను బలం ముందు చక్రాలకి వెళ్తుంది, హ్యాండు బ్రేకు వెనక చక్రాలకి పడుతుంది. మీరు హ్యాండు బ్రేకు వేసి, గేరులో పెట్టి వెళ్ళారనుకోండి. ముందు భాగం ఎత్తి లాగితే బ్రేకు పడ్డ వెనక టైర్లు రోడ్డు మీద ఈడ్చుకుపోతాయి. వెనక భాగం ఎత్తితే గేరులో ఉన్న ముందు చక్రాలు తిరిగి గేరుబాక్సు దెబ్బతింటుంది, ఆటోమేటిక్ అయితే మరీ ఘోరం. కనక నేల మీద ఉండే చక్రాల కింద కూడా చిన్న చక్రాల బల్ల పెట్టాలి, లేదా మొత్తం కారుని చదునైన లారీ మీదకి ఎక్కించాలి. ఎలక్ట్రిక్ కార్లయితే చక్రాలు దొర్లిస్తూ లాగొద్దని తయారీదారుల పుస్తకాల్లోనే రాసి ఉంటుంది. తాడు కట్టి బరబరా లాక్కెళ్ళటం చట్టం అప్పగించిన పనిని పాడుచెయ్యటమే.

మీ బావగారు చెయ్యాల్సింది ఇది. బండి విడిపించుకునే ముందే, అక్కడే, నాలుగు వైపులా ఫోటోలు తియ్యాలి. కిలోమీటర్ల రీడింగు తియ్యాలి. దెబ్బ కనిపిస్తే విడుదల కాయితం మీదే "ఫలానా చోట సొట్ట ఉంది" అని రాసి సంతకం చెయ్యాలి. ఇంటికి తెచ్చుకున్నాక చెబితే నిరూపించటం కష్టం. చలానాకి రసీదు, టోయింగు ఖర్చుకి రసీదు, రెండూ విడివిడిగా అడగాలి. రసీదు లేని డబ్బు ఒక్క రూపాయి ఇవ్వద్దు. ఆర్‌సీ, లైసెన్సు, ఇన్సూరెన్సు కాయితాలు ఒరిజినల్సే తెమ్మంటే, డిజిలాకర్‌లోవి, ఎంపరివాహన్‌లోవి చెల్లుతాయని 2018లో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 139వ దాన్ని సవరించారని చెప్పండి. అధికారి చెప్పకుండా ఎత్తారనిపిస్తే ట్రాఫిక్ డీఎస్పీకి, ఎస్పీకి రాయండి. నిర్లక్ష్యంగా లాగి చెడగొడితే ఆ నష్టం అడిగే హక్కు ఉంది. తప్పు చోట పెట్టినందుకు కట్టే జరిమానా వేరు, గేరుబాక్సు వేరు.

మనిషి లోపల ఉండగా ఎత్తచ్చా అని ఇందాక ఒక చెల్లెమ్మ అడిగింది. 2017 నవంబరులో ముంబయి మలాడ్‌లో ఒక తల్లి కారులో కూర్చుని పసిబిడ్డకి పాలిస్తుంటే కారుని అలాగే లాక్కెళ్ళారు. దేశమంతా ఆ వీడియో చూసి మండిపడింది, కానిస్టేబులుని సస్పెండ్ చేశారు. లోపల మనిషి ఉంటే ముందు తియ్యమని చెప్పాలి, చలానా రాయాలి. డ్రైవరు సీటులో మనిషి ఉన్నప్పుడు లాగే అవసరమే రాదు కదా. బెంగళూరులో ప్రైవేటు టోయింగు మనుషుల తీరు మీద జనం విసిగిపోయి, 2022 ఫిబ్రవరిలో ప్రభుత్వం ఆ పని మొత్తాన్నే కొన్నాళ్ళు ఆపేసింది. ఆ తర్వాత అడ్డం పెట్టేవాళ్ళకి భయం పోయింది. రెండూ నష్టమే. పద్ధతి లేని టోయింగు వల్ల, అసలు టోయింగు లేకుండా పోతుంది. అందుకే పద్ధతి గురించి ఇంత పట్టుగా మాట్లాడుతున్నాను.

(సభలో ఒక మహిళ: "ఇవన్నీ బానే ఉన్నాయండీ, మరి మా కార్లు మేం ఎక్కడ పెట్టుకోవాలి? మా అపార్టుమెంటు సెల్లారులో ల్యాబు నడుస్తోంది.")

అక్కడికే వస్తున్నానమ్మా. మనకి హాస్పిటళ్ళు ఎక్కువ, కోచింగు సెంటర్లు ఎక్కువ. పల్లెల నించి రోగిని తెచ్చుకున్నవాళ్ళు కారు ఎక్కడ పెట్టాలో తెలియక మన గేటు ముందు పెడతారు, వాళ్ళ మీద కోపం తెచ్చుకోవటం నాకు మనసొప్పదు. శంకర్ విలాస్ వంతెన పనులతో బయటి బళ్ళు కూడా మన లైన్లలోకి మళ్ళాయి. ఇంత ఒత్తిడిలో మన సెల్లారు మనకి లేకపోతే ఎలా? ప్లానులో పార్కింగు అని చూపించి అనుమతి తెచ్చుకున్న చోటు పార్కింగుకే ఉండాలి. దాన్ని ల్యాబుకో గోడౌనుకో అద్దెకివ్వటం అనుమతిని ఉల్లంఘించటమే. ఆ అద్దె అపార్టుమెంటు ఖాతాలోకి వస్తోంది, దాని ఖరీదు వీధి కడుతోంది. మీ ప్లాను కాపీ తీసి కార్పొరేషన్ టౌన్‌ప్లానింగుకి అర్జీ పెట్టండి. నేను రాసిపెడతాను.

మిగతాదానికి నేను మొన్న టేపు పట్టుకుని మన లైను కొలిచాను. కాయితాల మీద ముప్పై అడుగులు. కాల్వలూ ర్యాంపులూ పోగా బళ్ళు తిరిగేది ఇరవై ఒక్క అడుగు. ఒక కారు వెడల్పు ఐదున్నర అడుగులు, అద్దాలూ అంచు నించి వదిలే ఖాళీ కలిపి ఆరున్నర. రెండు వైపులా పెడితే పదమూడు పోయాయి. మిగిలింది ఎనిమిది. చట్టం ఒప్పుకున్న బండి గరిష్ఠ వెడల్పు 2.6 మీటర్లు, అంటే ఎనిమిదిన్నర అడుగులు. పెద్ద ఫైరింజను దాదాపు ఆ కొలతకి వస్తుంది, అద్దాలు అదనం. వేసవిలో ఏ మూడో అంతస్తులోనో ఏసీ అంటుకుంటే ఫైరింజను లైను మొదట్లో నిలబడి హారన్ కొడుతుంది. ఒకే వైపు పెడితే పద్నాలుగున్నర అడుగులు మిగులుతాయి. ఫైరింజను వెళ్తుంది, పక్కన మనిషి కూడా నడుస్తాడు.

కనక నేను చెప్పేది ఒకే వైపు పార్కింగు. ఎప్పుడూ ఒకే వైపు అంటే ఆ వైపు ఇళ్ళవాళ్ళకి అన్యాయం. సరి తేదీల్లో ఒక వైపు, బేసి తేదీల్లో రెండో వైపు. పుణెలో పీ1, పీ2 అని బోర్డులు పెట్టి చేస్తున్నారు, కొత్త సంగతేమీ కాదు. దీంట్లో ఇంకో లాభం ఉంది. రోజూ వైపు మారాలి కనక కవరు కప్పిన కారు తనంత తానే బయటపడుతుంది. ఊడ్చేవాళ్ళకి రోజు విడిచి రోజు ఒక వైపు కాల్వ ఖాళీగా దొరుకుతుంది. దీన్ని మనంతట మనం బోర్డు రాసి పెట్టుకుంటే చెల్లదని ఇందాకే చెప్పాను. పోలీసు, కార్పొరేషను కలిసి నోటిఫై చెయ్యాలి, వాళ్ళ బోర్డు పెట్టాలి. అప్పుడు 127 కింద యూనిఫాంలో ఉన్న అధికారి వచ్చి తీయిస్తే ఎవరూ వాదించలేరు.

(సభలో ఒకరు: "వాళ్ళు పట్టించుకోకపోతే?")

నూట అరవై ఇళ్ళు సంతకం పెట్టిన అర్జీ చూసే అధికారి ఉంటాడు. అప్పటికీ కదలకపోతే, దారికి అడ్డంకులు తొలగించమని ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుని అడిగే దారి ఉంది, పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడులో 133, ఇప్పటి నాగరిక సురక్షా సంహితలో 152. ఆ అవసరం రాదని నా నమ్మకం. వస్తే ఫీజు లేకుండా నేనే వేస్తాను, ఇంటికి పోయి కోటు దులుపుకుంటాను.

అర్జీ రాసి తెచ్చాను, అదిగో ఆ బల్ల మీద ఉంది. మూడు అడుగుతున్నాం: మూలలకి పసుపు గీతలు, సరి-బేసి బోర్డులు, కదలని బళ్ళ మీద తనిఖీ. సంతకం పక్కన ఇంటి నంబరు, మీ కారు నంబరు కూడా రాయండి. మన కార్లకీ ఈ నియమం వర్తిస్తుందని మనమే రాసి ఇస్తున్నామని వాళ్ళకి తెలియాలి. మూల మీద ఇళ్ళున్న నలుగురూ ముందు రండి. మీకే ఎక్కువ ఇబ్బంది, మీ గోడ పక్కన ఇక కారు పెట్టుకోవటానికి ఉండదు. మీరు సంతకం పెట్టాకే మిగతావాళ్ళని పెట్టమంటాను. పెన్ను ఇటుందండి.